కొలత పనిముట్లకు కొయ్యపెట్టె: తుప్పును ఆపేది ఏది, తెచ్చిపెట్టేది ఏది?

మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులను నమ్ముకుని, వాటి షాఫ్టులు, పుల్లీలు, బుష్‌లు బాగుచేసే లేత్ వర్క్‌షాపులు నడుస్తుంటాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో బోరు మోటార్ల షాఫ్టులు తిప్పే షాపులు ఉన్నాయి. జడ్చర్ల, కొత్తూరు పారిశ్రామికవాడల్లోని ఫ్యాక్టరీల్లో కొలతలకోసమే ప్రత్యేకంగా గదులు ఉంటాయి. వీటన్నింటిలోనూ మైక్రోమీటరు, వర్నియర్ క్యాలిపర్, డయల్ గేజ్, స్లిప్ గేజ్ వంటి ఖరీదైన పనిముట్లు ఉంటాయి కనుక, వాటిని దేనిలో దాచాలన్న ప్రశ్న కూడా ప్రతిచోటా ఉంటుంది. ఇనుప బీరువా మంచిదని కొందరు, టేకు పెట్టెను మించింది లేదని కొందరు, కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా చాలునని మరికొందరు అంటారు.

ఈ వాదన తేలకపోవడానికి కారణం ఉంది. ఒకే వడ్రంగి, ఒకే టేకుతో, ఒకే కొలతలో చేసిన రెండు పెట్టెల్లో ఒకదానిలో మైక్రోమీటరు ఏళ్ల తరబడి మెరుస్తూ ఉండవచ్చు. రెండోదానిలో మొదటి వానకాలానికే గోధుమరంగు చుక్కలు పడవచ్చు. అప్పుడు కట్టె నకిలీదనో, నూనె మంచిది కాదనో అనుకుంటారు. అసలు సంగతి ఎక్కువసార్లు కట్టెలో దాగిన నీటి దగ్గర ఉంటుంది. పెట్టె లోపలి గాలి ఎంత తేమగా ఉండాలో నిర్ణయించేది ఆ నీరే. ఈ ఒక్క విషయం అర్థమైతే కట్టె ఎంపిక, అతుకులు, పాలిష్, ఫెల్ట్, కర్పూరం, సిలికా జెల్ గురించి వినిపించే పరస్పర విరుద్ధమైన మాటల్లో చాలావరకు వాటి వాటి స్థానాల్లో కుదురుకుంటాయి.

కొలిచే పనిముట్టుకు తుప్పు ఎందుకంత నష్టం

సుత్తికో స్పానరుకో తుప్పు పట్టినా పని ఆగదు. కొలిచే పనిముట్టు సంగతి వేరు. మామూలు వర్నియర్ క్యాలిపర్ 0.02 మిల్లీమీటరు వరకు, మైక్రోమీటరు 0.01 మిల్లీమీటరు వరకు తేడాను చూపుతాయి. స్లిప్ గేజ్‌లు ఇంకా సున్నితమైనవి. ఇవి గట్టిపరచిన ఉక్కుతో చేసిన చిన్న దీర్ఘచతురస్రపు బిళ్లలు. స్వీడన్‌కు చెందిన కార్ల్ ఎడ్వర్డ్ జొహాన్సన్ వీటిని పందొమ్మిదో శతాబ్దం చివర్లో రూపొందించాడు. వీటి ముఖాలు ఎంత నునుపుగా, ఎంత సమతలంగా ఉంటాయంటే, రెండింటిని ఒకదానిపై ఒకటి జరుపుతూ నొక్కితే అతుక్కుపోతాయి. 25 మిల్లీమీటర్ల బిళ్లలో అనుమతించే తేడా ఒక మైక్రానులోపే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు లోపే ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు.

ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్నదానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కంటికి చుక్కలా కనిపించే తుప్పు ఆ ముఖం మీద చిన్న గుట్టలా లేస్తుంది. రుద్ది తీసేస్తే అక్కడ గుంట మిగులుతుంది. రెండు స్థితుల్లోనూ బిళ్ల కొలత చెడినట్టే.

ముసురు పట్టిన రోజుల్లో చెమట వేళ్లతో ఒక స్లిప్ గేజ్‌ను పట్టుకుని, తుడవకుండా పెట్టెలో పెట్టేస్తే ఏమవుతుందో దగ్గరగా చూడదగిన విషయం. మొదట ఏమీ కనిపించదు. ఒకటి రెండు రోజుల్లో ఆ మెరిసే ముఖం మీద వేలిముద్ర గీతలు గీతలుగా, సుడి దగ్గర చిక్కగా, అంచుల వద్ద పలుచగా గోధుమరంగులో తేలుతుంది. చెమటలోని ఉప్పు గాలిలోని తేమను లాక్కుని, గీత ఉన్నచోటల్లా కంటికి ఆనని నీటిపొరను నిలబెట్టింది. పక్కనే వేలు తగలని భాగం శుభ్రంగా ఉంటుంది. ఎంత గొప్ప పెట్టె అయినా ఈ మరకను ఆపలేదు కనుక, తుడిచి పలుచగా నూనె రాయడం అన్ని పద్ధతులకూ ముందు ఉండే మెట్టు.

నీటి చుక్క పడకుండానే తుప్పు ఎలా వస్తుంది

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాములు మోయగలదు. ఆ గరిష్ఠ మోతాదులో ప్రస్తుతం ఎంత భాగం ఉందో చెప్పేదే సాపేక్ష ఆర్ద్రత. వాతావరణ వార్తల్లో తేమ శాతంగా వినిపించేది ఇదే. శుభ్రమైన ఉక్కు మీద తుప్పు వేగం సుమారు 60 శాతం తేమ దాటిన దగ్గర నుంచి బాగా పెరుగుతుంది. దుమ్ము, ఉప్పు ఉన్నచోట ఇంకా తక్కువ తేమకే మొదలవుతుంది. అంటే చుక్క నీరు పడనక్కరలేదు. గాలిలోని ఆవిరి లోహం మీద అతి పలుచని పొరగా కూర్చుంటే చాలు.

రెండో మార్గం చెమ్మ పట్టడం. ఏసీ గదిలో 20 డిగ్రీల వద్ద ఉన్న మైక్రోమీటరును, 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న షాపులోకి తెచ్చామనుకుందాం. ఆ గాలి సుమారు 24 డిగ్రీలకు చల్లబడగానే ఆవిరి నీరుగా మారుతుంది. మైక్రోమీటరు అంతకంటే చల్లగా ఉంది కనుక నిమిషాల్లో దాని ఒంటి నిండా చెమ్మ పడుతుంది. అలా చెమ్మ పట్టినదాన్ని వెంటనే పెట్టెలో మూసేస్తే ఆ నీరు లోపలే ఉండిపోతుంది.

ఇనుప బీరువాలో వచ్చే ఇబ్బంది కూడా ఈ కోవలోదే. పలుచని రేకు రాత్రి త్వరగా చల్లబడుతుంది, పొద్దెక్కగానే త్వరగా వేడెక్కుతుంది. లోపలి గాలిలో మిగిలిన ఆవిరిని పీల్చుకునేది ఏదీ ఉండదు కనుక, రేకు చల్లబడిన ప్రతిసారీ తేమ శాతం పైకి ఎగబాకుతుంది. కట్టె వేడిని ప్రసరింపజేసే శక్తి ఉక్కుతో పోలిస్తే వందల రెట్లు తక్కువ. అందువల్ల కొయ్యపెట్టెలోని పనిముట్లు బయటి ఎండకు, చలికి నెమ్మదిగా స్పందిస్తాయి. అయితే కొయ్యపెట్టె అసలు బలం ఇది కాదు.

కట్టెలోని నీరు, పెట్టెలోని గాలి

ఎండిన కట్టెలో కూడా నీరు ఉంటుంది. దాన్ని పొడి కట్టె బరువులో ఇంత శాతమని లెక్కిస్తారు. కట్టెను ఒకే రకమైన గాలిలో చాలాకాలం ఉంచితే, అది నీరు తీసుకోవడమూ విడవడమూ సమానమై ఒక అంకె దగ్గర నిలుస్తుంది. దాన్ని సమతుల్య తేమ అంటారు. గది వేడిమిలో గాలి తేమ 30 శాతం ఉంటే కట్టెలో సుమారు 6 శాతం, గాలిలో 50 ఉంటే కట్టెలో 9, గాలిలో 65 ఉంటే కట్టెలో 12, గాలిలో 80 ఉంటే కట్టెలో 16 శాతం దగ్గర నిలుస్తుంది.

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఏడాది పొడవునా ఈ అంకెలు కదులుతూనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో గాలి ఎముకలా ఎండిపోయి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు ఉదయాల్లో 80 శాతం దాటడం మామూలే. షాపులో ఉన్న కట్టె మాత్రం గంట గంటకూ మారదు. వారాల సగటును అనుసరిస్తూ ఎండాకాలంలో 7 శాతం చేరువకు దిగి, వానకాలంలో 13 చేరువకు ఎక్కుతుందని లెక్కకోసం అనుకుందాం.

ఇప్పుడు పెట్టె లోపల 500 మిల్లీమీటర్ల పొడవు, 300 వెడల్పు, 350 ఎత్తు ఉందనుకుందాం. లోపలి గాలి సుమారు 52 లీటర్లు. 30 డిగ్రీల వద్ద, 80 శాతం తేమతో ఆ గాలిలో ఉండే నీరంతా కలిపి సుమారు 1.3 గ్రాములు. దాన్ని 50 శాతానికి దించాలంటే తీసేయవలసింది అర గ్రాము మాత్రమే. అదే పెట్టెలో సొరుగులతో సహా 10 కిలోల పొడి టేకు ఉందనుకుంటే, ఆ కట్టెలో ఒక్క శాతం తేమ అంటే 100 గ్రాముల నీరు. గాలి కావాలనుకునే అర గ్రాముతో పోలిస్తే కట్టె దగ్గర ఉన్న నిల్వ వందల రెట్లు ఎక్కువ. చెరువు నిండుగా ఉన్నంతకాలం దాని కింది బావిలో నీటిమట్టం చెరువు చెప్పినట్టు నడుస్తుంది; మూసిన పెట్టెలోని గాలికీ కట్టెకూ మధ్య సంబంధం అటువంటిదే.

ఇక్కడే మొదట చెప్పిన రెండు పెట్టెల చిక్కుముడి విడుతుంది. మే నెలలో, బాగా ఆరిన పాత దూలాల టేకుతో చేసిన పెట్టె 7 లేదా 8 శాతం తేమతో మూతపడింది. జులైలో బయటి గాలి 80 శాతానికి చేరినా, సందుల్లోంచి లోపలికి వచ్చే కొద్దిపాటి ఆవిరిని ఆ కట్టె పీల్చుకుంటూ, లోపలి గాలిని చాలా వారాలపాటు 60 శాతం లోపే పట్టి ఉంచగలదు. రెండోది ఆగస్టులో, రంపపు మిల్లు నుంచి వచ్చి ఎక్కువకాలం కాని పలకలతో చేసింది. దాని కట్టెలో 14 శాతం నీరు ఉందనుకుంటే, మూసిన పెట్టెలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. బయట వాన తెరిపి ఇచ్చి గాలి పొడిబారినా లోపల పొడిబారదు. కట్టె తన నీటిని నెమ్మదిగా విడుస్తూ, ఆ 75 శాతాన్ని తానే కాపాడుతుంది. ఒకే గుణం ఒక పెట్టెలో పనిముట్లను కాపాడింది, మరో పెట్టెలో తుప్పు పట్టించింది.

లోపలివైపు పాలిష్ వేయాలా వద్దా అన్న వాదం కూడా ఇక్కడిదే. వేయకూడదనేవారు చెప్పేది, కట్టె స్వేచ్ఛగా తేమను పీల్చాలంటే లోపలి ముఖం తెరిచి ఉండాలని. వేయాలనేవారు చెప్పేది, కట్టె నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరిని పాలిష్ కొంత ఆపుతుందని. రెండూ నిజమే. బయట చిక్కని పాలిష్‌తో, లోపల పలుచని లక్క పూతతో మధ్యేమార్గం పట్టడం నాకు సబబుగా తోస్తుంది. లక్క ఆవిరి రాకపోకలను పూర్తిగా ఆపదు, నెమ్మది చేస్తుంది. ఏ పూత అయినా పూర్తిగా ఆరి, వాసన పోయేదాకా పనిముట్లు లోపల పెట్టకపోవడం దీనికంటే ముఖ్యం.

ఏ కట్టె, ఎందుకు: ఆమ్లం సంగతి

కట్టె నుంచి తేమతోపాటు కొద్దికొద్దిగా ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి కూడా వస్తుంది. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే ఇది. దీనిలో పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా వాడే ఓక్ కట్టె ముందు వరుసలో ఉంటుంది. మ్యూజియాల వాళ్లు సీసపు వస్తువులను ఓక్ అల్మారాల్లో పెట్టకపోవడానికి కారణం ఇదే. సీసం ఆ ఆవిరికి తెల్లగా పొడిబారిపోతుంది. అయితే అమెరికాలోని డేటన్‌లో 1906లో మొదలైన గెర్స్ట్‌నర్ సంస్థ పేరు తెచ్చుకున్నది మెషినిస్టులకోసం చేసిన ఓక్ పెట్టెలతోనే. ఆమ్లం చిమ్మే కట్టెలో తరాల తరబడి మైక్రోమీటర్లు ఎలా చెడకుండా ఉన్నాయి?

ఉక్కు, సీసమంత సుకుమారమైనది కాదన్నది మొదటి జవాబు. రెండోది, ఆమ్లపు ఆవిరి ఉక్కు మీద బాగా పనిచేయడానికి తేమ తోడు కావాలి. కట్టె బాగా ఆరినదై, పనిముట్ల మీద నూనె పొర ఉండి, పనివాడు రోజూ సొరుగులు తెరిచి మూస్తూ గాలి మారుస్తుంటే, ఆమ్లం పేరుకుపోదు. అదే పెట్టెను నూనె లేకుండా, తేమగా, నెలల తరబడి మూసి ఉంచితే ఫలితం వేరుగా ఉంటుంది. రోజూ వాడే పెట్టెకూ, పనిముట్లు దాచి మరచిపోయే పెట్టెకూ ఒకే సూత్రం వర్తించదు.

మన ప్రాంతంలో ఓక్ ప్రసక్తి తక్కువ. టేకు మొదటి మాటగా వస్తుంది. టేకుకు ఇనుముతో పొత్తు కుదురుతుందన్న నమ్మకం పాతది, ఆధారం ఉన్నది. 1860లో నీటిలోకి దించిన బ్రిటిష్ యుద్ధనౌక వారియర్‌కు 114 మిల్లీమీటర్ల ఇనుప కవచం వెనుక 457 మిల్లీమీటర్ల టేకును పేర్చారు. ఓక్‌లో దిగిన ఇనుప మేకులు చుట్టూ నల్లబారి తినివేతకు గురైతే, టేకులో అవి ఎక్కువకాలం నిలుస్తాయి. అయినా టేకులో నూనె ఉంది కాబట్టి తుప్పు రానే రాదన్న మాటను యథాతథంగా ఒప్పుకోలేం. టేకు కూడా కొంత ఆమ్లగుణం కలదే. ఓక్ అంత తీవ్రం కాదు, అంతే. ఆరని టేకులోనూ ఉక్కు తుప్పు పడుతుంది.

తుమ్మ గట్టిదే, ఊళ్లలో దొరికేదే. కానీ దాని బెరడును తోళ్లు ఊనడానికి వాడేటంత టానిన్ అనే వగరు పదార్థం ఆ చెట్టులో ఉంది. టానిన్, తేమ, ఇనుము కలిసినచోట సిరా వంటి నల్ల మరక పడుతుంది. నల్లమద్ది బరువైన కట్టె, గుమ్మాలకు పేరున్నది. కానీ ఆరేటప్పుడు పగుళ్లు తీసే స్వభావం సన్నని సొరుగు పలకలకు నప్పదు. మామిడి చవక, చిత్రికకు లొంగుతుంది. చెదలకూ అంతే సులువుగా లొంగుతుంది. నల్లమల అంచున ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేని మాట ఒకటుంది: టేకులోనైనా చెదలు ముట్టనిది చేవ భాగమే. బెరడు కిందనున్న తెల్లచెక్కను పలకలో వదిలేస్తే టేకు అన్న పేరు దాన్ని కాపాడదు.

ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే పాత దూలాలు, దంతెలు, తలుపు చెక్కలు ఈ పనికి మంచి సరుకు. దశాబ్దాలుగా ఆరి, కదలవలసినంత కదిలి, స్థిరపడిన కట్టె అది. లోపల విరిగిన మేకులు దాగి ఉంటాయి కనుక రంపం పళ్లకు ముప్పు, అంతే. కొత్త టేకు కొనేటప్పుడు నరకడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి ఉన్న సరుకును బిల్లుతో తీసుకోవాలి.

ప్లైవుడ్, ఎండీఎఫ్ (కట్టె నారను జిగురుతో అదిమి చేసే పలక) మామూలు కట్టెలాగా ఉబ్బి కుంచించవు. వెనుక పలకకు, సొరుగు అడుగుకు చాలామంది వాడేది అందుకే. వాటిలో చాలా రకాలను అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది ఆవిరై ఫార్మిక్ ఆమ్లంగా మారగలదు. కొత్త ఎండీఎఫ్ సొరుగు తెరిస్తే కళ్లు మండించే ఘాటు ఆ ఫార్మాల్డిహైడ్‌దే. తెల్ల జిగురు కూడా ఆరే దశలో కొంత ఎసిటిక్ ఆవిరిని విడుస్తుంది. వెనిగర్ వాసన వేసే సిలికాన్ సీలెంట్ అయితే ఇంకా ఎక్కువ విడుస్తుంది. కొత్త పెట్టెను సొరుగులు తీసి కొన్ని వారాలు గాలికి వదలాలని పెద్ద వడ్రంగులు చెప్పే మాటకు ఇంత అర్థం ఉంది.

సొరుగు వానకాలంలో ఎందుకు బిగుసుకుంటుంది

తేమ మారినప్పుడు కట్టె అన్ని వైపులా ఒకేలా పెరగదు. నార వెంబడి, అంటే చెట్టు నిలువునా ఉన్న దిశలో, దాదాపు కదలదు. నారకు అడ్డంగా కదులుతుంది. అందులోనూ పలకను దుంగలోంచి ఎలా కోశారన్నదాన్ని బట్టి తేడా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేటప్పటికి, వలయాలకు సమాంతరంగా కోసిన పలక వెడల్పులో సుమారు 5.8 శాతం, వలయాలను నిలువుగా ఖండిస్తూ కోసిన పలక సుమారు 2.5 శాతం కుంచించుకుంటాయి. తెల్ల ఓక్‌లో మొదటి అంకె 10 శాతం దాటుతుంది. టేకుకు ఉన్న గౌరవంలో ఈ నిలకడ వాటా పెద్దది.

సొరుగు ముఖపు పలక ఎత్తు 60 మిల్లీమీటర్లు అనుకుందాం. మే నెలలో 7 శాతం తేమతో ఉన్నప్పుడు, పైన 0.3 మిల్లీమీటరు సందుతో, చూడముచ్చటగా బిగించారు. ఆగస్టు చివరికి తేమ 13 శాతానికి చేరితే, మొదటి రకం కోత పలక సుమారు 0.75 మిల్లీమీటరు పెరుగుతుంది. సందు చాలదు; సొరుగు ఇరుక్కుంటుంది, బలంగా లాగితే లోపలి పనిముట్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. రెండో రకం కోత పలక అయితే 0.32 మిల్లీమీటరు పెరుగుతుంది. అంచు చిత్రికతో ఒక్కసారి సవరిస్తే సరిపోతుంది. అదే సొరుగును ఆగస్టులో 0.3 సందుతో బిగిస్తే మే నెలకు మొదటి రకంలో సందు ఒక మిల్లీమీటరు దాటి, దుమ్ముకూ తడిగాలికీ దారి ఇస్తుంది. కనుక సరైన సందు ఎంత అన్న ప్రశ్నకు ఏ నెలలో బిగిస్తున్నారు, పలకను ఎలా కోశారు అన్నవి తెలియకుండా జవాబు లేదు.

మూత సంగతి ఇంకా స్పష్టం. 300 మిల్లీమీటర్ల వెడల్పు పలకను అదే తేడాకు లెక్కిస్తే 3 మిల్లీమీటర్లకు మించి కదలిక వస్తుంది. దాని కింద అడ్డపట్టీ పెట్టి రెండు కొసలా జిగురుతో, మేకులతో బిగిస్తే, పట్టీ నార వెంబడి ఉంది కనుక కదలదు; పలక కదలాలని చూస్తుంది; చివరకు పగులుతుంది. పాత ఇళ్ల తలుపుల్లో చట్రానికి గాడి తీసి, పలకను ఆ గాడిలో జిగురు లేకుండా కూర్చోబెట్టడం దీనికి పాత పరిష్కారం. పెట్టె మూతకూ, సొరుగు అడుగుకూ పనికి వచ్చేది ఇదే. సొరుగు అడుగు పలకను ముందువైపు గాడిలో గట్టిగా నిలిపి, వెనుక స్క్రూ కోసం గుండ్రని రంధ్రానికి బదులు పొడవాటి సందు తీస్తే, స్క్రూ పట్టు వదలకుండానే పలక వెనక్కి ముందుకి జరుగుతుంది. మూలల్లో డవ్‌టెయిల్ అతుకు (పక్షి తోకలా విచ్చుకున్న పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడేది) వేయడానికి కారణం కూడా అందం ఒక్కటే కాదు: కలిసే రెండు పలకల నారా ఒకే వైపు నిలిచి, అవి ఒకేలా పెరుగుతాయి కనుక అతుకు మీద ఒత్తిడి పడదు. మైక్రోమీటర్లతో నిండిన సొరుగు బరువుకు ముందు పలక ఊడిరాకుండా ఆపేది కూడా ఆ అతుకే.

ఫెల్ట్, తోలు, స్పాంజి

పనిముట్టు గీతలు పడకుండా కింద మెత్తని గుడ్డ వేస్తారు. ఆకుపచ్చ ఫెల్ట్ సంప్రదాయం. దానికి ఉన్న చిక్కు ఏమిటంటే, అది నూనెను పీలుస్తుంది, నూనెతోపాటు దుమ్మునూ చెమ్మనూ పట్టి ఉంచుతుంది. మైక్రోమీటరు పై భాగం శుభ్రంగా ఉండి, ఫెల్ట్‌కు ఆనిన కింది భాగంలోనే మరక పడడం ఇందువల్ల. ఫెల్ట్‌ను పూర్తిగా అతికించకుండా సన్నని అట్ట మీద చుట్టి, తీసి ఎండబెట్టగలిగేలా పరచడం దీనికి విరుగుడు. తోలు మెత్తగా ఉన్నా, ఊనడంలో వాడిన టానిన్, ఉప్పు దానిలో మిగిలి ఉండవచ్చు. స్పాంజిలో పనిముట్టు ఆకారం కోసి కూర్చోబెట్టడం చూడడానికి బాగుంటుంది, కానీ పాలియూరిథేన్ స్పాంజి తేమకు కొన్నేళ్లలో జిగటగా కరిగి ఉక్కుకు అంటుకుంటుంది.

కర్పూరం, సిలికా జెల్, బల్బు: ఎవరి మాట ఎంతవరకు నిజం

పనిముట్ల పెట్టెలో ముద్దకర్పూరం పెట్టడం మన దగ్గరే కాదు, పాశ్చాత్య దేశాల మెషినిస్టుల్లోనూ ఉన్న అలవాటే. కర్పూరపు ఆవిరి లోహం మీద పలుచని పొరగా కూర్చుని గాలినీ నీటినీ అడ్డుకుంటుందని సమర్థించేవారు అంటారు. నమ్మనివారు కర్పూరం నీటిని పీల్చదని, ఆవిరైపోయాక ఏ రక్షణా మిగలదని గుర్తుచేస్తారు. కర్పూరం తేమను తగ్గించదన్నది ఖాయం. ఆరని కట్టె పెట్టెలో అది పెద్దగా చేయగలిగింది లేదు. పైగా ఆ ఆవిరి కొన్ని రకాల వార్నిష్‌ను, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది కనుక డయల్ గేజ్ అద్దం దగ్గర ఉంచకపోవడం మేలు. వీసీఐ కాగితం ఇదే ఆలోచనకు పరీక్షించి తయారుచేసిన రూపం: లోహం మీద నిలిచి తుప్పును అణచే ఆవిరిని అది విడుస్తుంది. మూసిన చోట బాగా పనిచేస్తుంది. రోజుకు పదిసార్లు తెరిచే సొరుగులో దాని ఆవిరి నిలవదు.

సిలికా జెల్ గురించి ఉన్న అపోహను పై లెక్కతోనే తేల్చవచ్చు. 10 కిలోల కట్టె 12 శాతం నుంచి 9 శాతానికి రావాలంటే 300 గ్రాముల నీరు పోవాలి. సిలికా జెల్ తన బరువులో మూడోవంతు నీటిని పీల్చుతుందని ఉదారంగా అనుకున్నా, సుమారు ఒక కిలో జెల్ కావాలి. చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లాలు ఆ పెట్టెలో ఒక్క రోజులో నిండిపోతాయి. అదే జెల్‌ను బిగుతు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో స్లిప్ గేజ్‌లతోపాటు ఉంచి, ఆ డబ్బాను కొయ్యపెట్టె సొరుగులో పెడితే, దానితో పోటీపడే కట్టె డబ్బా లోపల లేదు కనుక 50 గ్రాములే చాలా కాలం పనిచేస్తాయి. ప్లాస్టిక్ డబ్బా వాదులూ కొయ్యపెట్టె వాదులూ ఇక్కడ నిజంగా కలిసిపోవచ్చు.

పెట్టెలో చిన్న బల్బు వెలిగించేవారి లెక్క కూడా గాలి వరకు తప్పు కాదు. 28 డిగ్రీలు, 80 శాతం ఉన్న గాలిని 33 డిగ్రీలకు వేడిచేస్తే తేమ సుమారు 61 శాతానికి దిగుతుంది. వెచ్చబడిన కట్టె కూడా నీటిని విడుస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో ఆ అంకె రాదు. ఇనుప బీరువాలో ఈ ఉపాయం తేలిగ్గా ఫలిస్తుంది. కొయ్యపెట్టెలో ఒకవైపు కట్టె ఎండి వంగే ప్రమాదం, నూనె గుడ్డలకు నిప్పు ముప్పు రెండూ ఉన్నాయి.

పెట్టె చేయలేని పని

కొలతలకు ప్రపంచమంతా అంగీకరించిన ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మే నెలలో నల్లగొండ షాపు 42 డిగ్రీల్లో ఉంటే, 100 మిల్లీమీటర్ల ఉక్కు స్లిప్ గేజ్ సుమారు 25 మైక్రాన్లు పొడుగవుతుంది. కొలిచే వస్తువు కూడా ఉక్కే అయి, అంతే వేడిగా ఉంటే రెండూ కలిసి పెరుగుతాయి, తేడా రాదు. ఇత్తడి బుష్ అయితే అదే పొడవుకు సుమారు 42 మైక్రాన్లు పెరుగుతుంది. 16 లేదా 17 మైక్రాన్ల తేడా కొలతలోకి దూరుతుంది. కొయ్యపెట్టె పనిముట్టును కొంతసేపు చల్లగా ఉంచగలదు, కానీ ఈ తేడాను పోగొట్టలేదు. పైగా పెట్టెలోంచి అప్పుడే తీసిన చల్లని గేజ్‌తో వేడి షాఫ్టును కొలిస్తే తప్పు ఇంకా పెరుగుతుంది. రెండింటినీ ఒకే బల్ల మీద కొంతసేపు పక్కపక్కన ఉంచడం తప్ప దీనికి వేరే జవాబు లేదు.

కట్టె ఎంత తేమగా ఉందో ఎలా తెలుస్తుంది

తేమ మీటరు లేకపోయినా, పెట్టె చేసిన కట్టెలోంచే మిగిలిన ముక్క ఈ పని చేస్తుంది. ఒక చిన్న టేకు ముక్కను 103 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఉంచి, బరువు ఇక తగ్గని దాకా ఎండబెట్టి, ఆ పొడి బరువు సరిగ్గా 100 గ్రాములు ఉండేలా కోసుకుంటే, ఆ తరువాత అది 100 గ్రాములకు పైన ఎన్ని గ్రాములు తూగితే అందులో అంత శాతం నీరు ఉన్నట్టు నేరుగా చదవవచ్చు. ఆ ముక్కను పెట్టె అడుగు సొరుగులో ఉంచి, కొన్ని వారాల తరువాత గ్రాము వరకు చూపే తక్కెడలో తూచితే 107 గ్రాములు రావచ్చు, 113 రావచ్చు. 60 శాతం గాలి తేమకు కట్టెలో ఉండేది 11 శాతానికి కొంచెం అటూ ఇటూ కనుక, ముక్క 111 గ్రాములు దాటిందంటే ఆ పెట్టెలోని గాలి తుప్పు హద్దును దాటినట్టే. పెట్టె చేయించే ముందు కూడా ఇదే పరీక్ష పనికివస్తుంది: పలక కొసను వదిలి లోపలి నుంచి కోసిన ముక్కను వెంటనే తూచి, తరువాత ఎండబెట్టి మళ్లీ తూచితే, అమ్మేవాళ్లు బాగా ఆరిందని చెబుతున్న టేకులో నిజంగా ఎంత నీరు ఉందో పెట్టె పని మొదలుకాకముందే తెలుస్తుంది.